పక్కగీత దగ్గర కొలువు

రగ్బీ యూనియన్ ఆట నియమాల గురించి గత సంచికలో ఇచ్చిన జవాబు చదివి పాఠకులు పంపిన ఉత్తరాలలో సగానికి పైగా ఒకే స్థానం గురించి అడిగాయి. 15 మంది జట్టులో 11, 14 అంకెల చొక్కాలు వేసుకుని మైదానం రెండు అంచుల్లో నిలబడే వింగర్ల గురించి. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా వాళ్లకే కేటాయిస్తున్నాను. ఒకే ప్రశ్నను పలువురు అడిగిన చోట వాటిని కలిపి ఒకటిగా వేశాను.

ప్రశ్న: ఫార్వర్డ్‌లు ఎనిమిది మందీ బురదలో పడి కుమ్ముకుంటూ ఉంటే వింగర్ మాత్రం పక్కగీత దగ్గర నడుం మీద చేతులు వేసుకుని నిలబడి ఉంటాడు. చివర్లో బంతి అందుకుని పరుగెత్తి ట్రై చేస్తే పేరంతా అతనిదే. ఇది న్యాయమేనా?

జవాబు: పేరు విషయంలో మీరన్నది నిజమే. ట్రైకి 5 పాయింట్లు వస్తాయి. బంతిని ట్రైగీత అవతల నేలకు ఆనించే చెయ్యి చాలాసార్లు వింగర్‌దే కనుక మర్నాడు పత్రికలో ఫొటో కూడా అతనిదే పడుతుంది. కానీ అతను ఊరికే నిలబడి ఉన్నాడనిపించడం మాత్రం కెమెరా వల్ల కలిగే భ్రమ. కెమెరా బంతి వెంట తిరుగుతుంది, వింగర్ పనిలో ఎక్కువ భాగం బంతి లేని చోట జరుగుతుంది.

బంతి ప్రత్యర్థి దగ్గర ఉండి, ఆట మైదానానికి ఎడమ వైపు నడుస్తోందనుకోండి. అప్పుడు ఎడమ వింగర్ ముందుకు వచ్చి రక్షణ వరుసలో చివరివాడిగా నిలబడతాడు, అందరి వెనక నిలబడే ఫుల్‌బ్యాక్ నడిమికి జరుగుతాడు, కుడి వింగర్ వెనక్కి వెళ్లి తన వైపు ఖాళీకి కాపలా కాస్తాడు. బంతి చేతులు మారుతూ కుడి వైపుకు వస్తున్నకొద్దీ కుడి వింగర్ ముందుకు, ఎడమ వింగర్ వెనక్కి కదులుతారు. గడియారం లోలకంలా సాగే ఈ కదలికను శిక్షకులు పెండ్యులం అనే పిలుస్తారు. వింగర్ మూడు నాలుగు మీటర్లు ఎక్కువ ముందుకు వచ్చాడా, అతని నెత్తి మీదుగా కిక్ వెళ్లి వెనక పడుతుంది. వెనకే ఉండిపోయాడా, ఎదుటి వింగర్‌కు పరుగెత్తడానికి దారి దొరుకుతుంది. 2021లో ప్రయోగంగా మొదలై మరుసటి ఏడాది నిబంధనగా స్థిరపడిన 50:22 ఈ లెక్కను మరింత కఠినం చేసింది. ఒక జట్టు తన సగంలో నుంచి తన్నిన బంతి నేలకు తగిలి ప్రత్యర్థి 22 మీటర్ల గీత లోపల పక్కగీత దాటితే, లైన్‌అవుట్‌లో, అంటే పక్కగీత నుంచి ఆట తిరిగి మొదలయ్యేటప్పుడు, బంతి విసిరే హక్కు తన్నిన జట్టుకే దక్కుతుంది. ఆ మూలను కాపాడే భారం ఎక్కువగా వింగర్ మీదే పడుతుంది. ముందుకు రావాలా, మూల కాయాలా అన్నది కిక్ కొట్టేవాడు కాలు ఎత్తకముందే అతను తేల్చుకోవాలి.

ఇక ఎత్తుగా వచ్చే బంతి సంగతి. నన్నడిగితే ఈ కాలపు వింగర్‌కు ట్రై కన్నా పెద్ద పరీక్ష ఇదే. గుంపు నుంచి బంతి తీసి అందించే స్క్రమ్‌హాఫ్ తన జట్టు గుంపు వెనక నుంచి బంతిని నిలువుగా పైకి తంతాడు, అది నాలుగు క్షణాల పాటు గాలిలో ఉంటుంది, ఆ నాలుగు క్షణాల్లో తన్నిన జట్టు వింగర్ పూర్తి వేగంతో దాని కిందికి చేరుకుంటాడు. పట్టుకోవలసిన వింగర్ కళ్లు ఆకాశంలో ఉండగానే తన మీదికి వచ్చేవాడి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. అతను ఒక కాలి మీద ఎగిరి, రెండో మోకాలు పైకి లేపి, మోచేతులు దగ్గరగా చేర్చి, బంతిని కళ్ల ఎత్తులో అందుకోవాలి. దేహాన్ని కొంచెం పక్కకు తిప్పి ఎగరమని నేర్పుతారు. ఒకవేళ చేజారినా బంతి వెనక్కే పడుతుంది, ముందుకు పడితే నాక్ ఆన్ అనే తప్పు అవుతుంది. కాళ్లు గాలిలో ఉన్నవాణ్ని పట్టి పడెయ్యడం నేరం కాబట్టి ఎదుటివాడు కూడా ఎగరక తప్పదు. 2024 చివరి నుంచి, బంతి పట్టేవాడికి అడ్డుగా తోటి ఆటగాళ్లు గోడ కట్టడాన్ని రిఫరీలు గట్టిగా శిక్షిస్తున్నారు. దాంతో గాలిలో జరిగే ఈ పోటీలో వింగర్‌కు మునుపటి రక్షణ కూడా పోయింది.

ప్రశ్న: వింగర్‌కు పెద్ద దేహం ఉండాలా, వేగం ఉంటే చాలునా? జోనా లోమూ గురించి విన్న తరువాత నాకు ఈ సందేహం తీరడం లేదు.

జవాబు: లోమూ పేరు ఎత్తారు కాబట్టి అతని దగ్గరే మొదలుపెడతాను, అయితే మీరు అనుకున్న మ్యాచ్‌తో కాదు. 1994 జూన్‌లో క్రైస్ట్‌చర్చ్‌లో ఫ్రాన్స్ మీద అతను తొలి టెస్ట్ (రగ్బీలో దేశాల మధ్య మ్యాచ్‌ను అలాగే అంటారు) ఆడినప్పుడు వయసు 19 ఏళ్ల 45 రోజులు. న్యూజిలాండ్ తరఫున అంత చిన్న వయసులో టెస్ట్ ఆడినవాడు అంతకు ముందు లేడు. బడిలో ఫార్వర్డ్‌గా ఆడిన కుర్రవాణ్ని తెచ్చి అంచున నిలబెట్టారు. ఆ సిరీస్‌లో రెండు టెస్టులూ న్యూజిలాండ్ ఓడిపోయింది. ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తిరగాలో ఈ కుర్రవాడికి తెలియడం లేదన్న విమర్శ గట్టిగానే వచ్చింది. 196 సెంటీమీటర్ల ఎత్తు, 120 కిలోలకు అటూ ఇటూగా బరువు, ఆ బరువుతో ఎవరూ ఊహించని వేగం, అన్నీ ఉండి కూడా వింగర్ పని తెలియకపోతే ఏమవుతుందో ఆ రెండు మ్యాచ్‌లు చూపించాయి.

ఏడాది తిరిగేసరికి, 1995 జూన్ 18న కేప్‌టౌన్‌లో జరిగిన ప్రపంచ కప్ సెమీఫైనల్లో అతను ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు చేశాడు. మొదటి ట్రై ఇప్పటికీ చూపిస్తూనే ఉంటారు. నిజానికి అతనికి అందిన పాస్ ఏమంత మంచిది కాదు, బంతి ఎగిరి వెనక్కి పోయింది. అతను దాన్ని వెనక్కి తిరిగి అందుకుని, టోనీ అండర్‌వుడ్‌ను తప్పించుకుని, వెనక నుంచి విల్ కార్లింగ్ కాలు తట్టగా తూలిపోయి, ఆ తూలుడులోనే ఎదురుగా ఉన్న ఫుల్‌బ్యాక్ మైక్ క్యాట్ మీదుగా తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. న్యూజిలాండ్ 45-29తో గెలిచింది. ఆ ఒక్క ట్రై చూసి ప్రపంచమంతా పెద్ద వింగర్ల కోసం వెతకడం మొదలుపెట్టింది. అయితే ఆరు రోజుల తరువాత ఫైనల్లో దక్షిణాఫ్రికా అతనికి పరుగు అందుకునే చోటే ఇవ్వలేదు, అదనపు సమయంలో 15-12తో కప్పు గెలుచుకుంది. 63 టెస్టుల్లో 37 ట్రైలు చేసిన లోమూ, టెస్టుల్లో దక్షిణాఫ్రికా మీద ఒక్కటి కూడా చేయలేకపోయాడు.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు పక్షం చూడండి. వేల్స్ ఆటగాడు షేన్ విలియమ్స్ ఎత్తు 170 సెంటీమీటర్లు. వేల్స్ తరఫున 87 మ్యాచ్‌లలో 58 ట్రైలు చేశాడు, 2008లో ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. దక్షిణాఫ్రికా ఆటగాడు చెస్లిన్ కోల్బే అతని కన్నా ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే పొడవు. 2017లో ఫ్రాన్స్‌లోని తులూజ్ క్లబ్బుకు వెళ్లి అక్కడ పేరు తెచ్చుకున్నాకే, 2018లో దేశం చొక్కా దక్కింది. మరుసటి ఏడాది ప్రపంచ కప్ ఫైనల్లో ట్రై చేశాడు. కొలతలు చూసి ఎంపిక చేసేవాళ్లకు ఈ ఇద్దరూ ఇచ్చిన జవాబు చాలుననుకుంటాను. వేగం లేనివాణ్ని ఎవరూ వింగర్‌గా తీసుకోరు. పెద్ద దేహం ఉంటే కలిసివస్తుంది, లేకపోతే ఆ లోటును పాదాల చురుకుతో పూడ్చుకోవాలి.

ప్రశ్న: ఈ స్థానంలో వృత్తి ఆటగాడు కావడానికి దారి ఏమిటి? పూర్వం డబ్బు తీసుకోకుండా ఆడేవారని విన్నాను, నిజమేనా?

జవాబు: నిజమే. 1995 ఆగస్టులో పారిస్‌లో జరిగిన సమావేశంలో అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆటగాళ్లకు జీతం ఇవ్వవచ్చని ప్రకటించేదాకా రగ్బీ యూనియన్‌లో ఆడినందుకు డబ్బు తీసుకోవడం నేరం. ఇంగ్లండ్ తరఫున 49 ట్రైలు చేసిన రోరీ అండర్‌వుడ్ జీతం తీసుకున్నది యుద్ధ విమానాలు నడిపే పైలట్‌గా. ఆట సెలవు రోజుల పని. పైన చెప్పిన సెమీఫైనల్లో లోమూ తప్పించుకున్న టోనీ అతని తమ్ముడే, అన్న రెండో అంచున ఆడుతూ అదే మ్యాచ్‌లో రెండు ట్రైలు చేశాడు. డబ్బు కావాలనుకున్నవాడు 13 మందితో ఆడే రగ్బీ లీగ్‌కు వెళ్లిపోయేవాడు, వెళ్లినవాడికి యూనియన్ తలుపులు మూసుకుపోయేవి. 1995 తరువాత ఆ రాకపోకలు అటు నుంచి ఇటు కూడా మొదలయ్యాయి. లీగ్‌లో పేరు మోసిన జేసన్ రాబిన్సన్ 2000లో యూనియన్‌కు వచ్చి, 2003 ప్రపంచ కప్ ఫైనల్లో ఇంగ్లండ్‌కు ట్రై చేసి పెట్టాడు.

ఈనాటి దారి సాధారణంగా బడి జట్టుతో మొదలై క్లబ్బు అకాడమీ మీదుగా వెళుతుంది. 18 ఏళ్లకు అకాడమీ కాంట్రాక్టు, రెండు మూడేళ్లలో పెద్ద జట్టులో చోటు లేదా ఇంటిదారి. ఇంటిదారి పట్టేవారే ఎక్కువమంది, ఇది దాచవలసిన విషయం కాదు. వింగర్లకు మాత్రం పక్కదారులు మిగతా స్థానాల కన్నా ఎక్కువ ఉన్నాయి. ఏడుగురితో ఆడే సెవెన్స్ వాటిలో ముఖ్యమైనది, ఎందుకంటే అదే మైదానంలో సగం మందే ఉంటారు కనుక ఒక్కొక్కరూ ఖాళీ జాగాలో ఒంటరిగా ప్రత్యర్థిని ఎదుర్కోవడం, ఒంటరిగా పట్టి పడెయ్యడం నేర్చుకోక తప్పదు. కోల్బే 2016 ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాకు కాంస్యం తెచ్చిన సెవెన్స్ జట్టు సభ్యుడు.

ప్రశ్న: వారమంతా ఏం చేస్తారు? వింగర్‌కు వేరే సాధన ఉంటుందా?

జవాబు: మ్యాచ్ శనివారం అయితే సోమవారం వీడియో ముందు కూర్చోవడంతో వారం మొదలవుతుంది. ఆ గదిలో వింగర్‌కు చూపించేవి అతని ట్రైలు కావు, అతను తప్పుచోట నిలబడిన దృశ్యాలు. భుజాల మధ్య వీపు మీద, చొక్కా లోపల చిన్న జీపీఎస్ పరికరం ఉంటుంది. మ్యాచ్‌లో ఎంత దూరం పరుగెత్తాడు, ఎన్నిసార్లు గరిష్ఠ వేగానికి దగ్గరగా వెళ్లాడు అన్నది అందులో నమోదవుతుంది. వారంలో ఒకటి రెండుసార్లయినా పూర్తి వేగంతో పరుగెత్తించడం వింగర్ సాధనలో ప్రత్యేకం. విశ్రాంతి పేరుతో వేగాన్ని పూర్తిగా మానేస్తే, మ్యాచ్‌లో ఒక్కసారిగా దూకినప్పుడు తొడ వెనుక కండరం చిట్లే ప్రమాదం పెరుగుతుంది. మిగతా రోజుల్లో జిమ్, రక్షణ వరుస సాధన, ఎత్తు బంతుల సాధన ఉంటాయి; మ్యాచ్ ముందురోజు తేలికపాటి పరుగుతో ముగిస్తారు.

మూలలో ట్రై చేయడం కూడా సాధన చేసే విద్యేనని చాలామందికి తెలియదు. వింగర్ కాళ్లు పక్కగీత అవతలి గాలిలో ఉన్నా ఫరవాలేదు, దేహంలో ఏ భాగమూ గీతను గానీ అవతలి నేలను గానీ తాకక ముందు బంతి ట్రైగీత మీదో లోపలో నేలకు తగిలితే చాలు. అందుకే వాళ్లు బంతిని ఒక చేతిలోకి మార్చుకుని, నడుం గాలిలోనే మెలితిప్పి, చెయ్యి చాచి బంతి మొనను గడ్డికి ఆనిస్తారు. టీవీ రిఫరీ ఆ ఒక్క దృశ్యాన్ని నాలుగు వైపుల నుంచి తిప్పి తిప్పి చూసి, వింగర్ కాలి బొటనవేలికీ సున్నపు గీతకూ మధ్య పచ్చగడ్డి కనిపిస్తే ట్రై ఇస్తాడు.

ప్రశ్న: సంపాదన ఎలా ఉంటుంది? ట్రైలు చేసేది వింగరే కనుక ఎక్కువ జీతం అతనికేనా?

జవాబు: ఇక్కడే కొత్తవాళ్లు ఆశ్చర్యపోతారు. మార్కెట్లో సాధారణంగా ఎక్కువ ధర పలికేది ఆట నడిపించే ఫ్లైహాఫ్‌కు, ఫార్వర్డ్‌లు భుజాలు కలిపి నెట్టుకునే స్క్రమ్‌కు మూలస్తంభంలాంటి టైట్‌హెడ్ ప్రాప్‌కు. మంచి ప్రాప్ గాయపడితే జట్టు స్క్రమ్ కూలిపోతుంది, దానికి బదులు వెంటనే దొరకదు. వేగంగా పరుగెత్తే యువకుడు మాత్రం అకాడమీలో ఎప్పుడూ ఒకడు సిద్ధంగా ఉంటాడు, అతని జీతమూ తక్కువే. ప్రపంచ స్థాయి పేరున్న కొద్దిమంది వింగర్లను పక్కన పెడితే, మిగిలినవారి బేరసారాలు ఈ నిజం నీడలోనే జరుగుతాయి.

క్లబ్బులు ఇష్టం వచ్చినంత ఇవ్వడానికీ వీల్లేదు. ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో ఒక జట్టు మొత్తం జీతాలకు, కొన్ని మినహాయింపులు పోను, 2024-25లో 64 లక్షల పౌండ్ల పరిమితి ఉంది. దాన్ని నలభై మంది దాకా ఉండే జట్టుకు పంచాలి. ఫ్రాన్స్‌లో పరిమితి అంతకన్నా పెద్దది కనుకనే చాలామంది అక్కడికి వెళతారు. అయితే అలా వెళ్లేముందు జాతీయ జట్టు సంగతి ఆలోచించుకోవాలి. న్యూజిలాండ్, ఇంగ్లండ్ సాధారణంగా స్వదేశంలో ఆడేవారినే ఎంపిక చేస్తాయి, వేల్స్‌లో బయట ఆడేవాడు ఎంపిక కావాలంటే 2023లో పెట్టిన నిబంధన ప్రకారం అప్పటికే 25 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడి ఉండాలి, దక్షిణాఫ్రికాకు అలాంటి పట్టింపు లేదు. వింగర్ బ్రయన్ హబానా ఫ్రాన్స్‌లోని తులోన్‌కు ఆడుతూనే దక్షిణాఫ్రికాకు ఆడగలగడం అందువల్లే.

కాంట్రాక్టు రెండు మూడేళ్లది, క్లబ్బు ఆయుష్షుకు మాత్రం హామీ లేదు. 2022లో ఇంగ్లండ్‌లో వూస్టర్, వాస్ప్స్ అనే రెండు పాత క్లబ్బులు సీజన్ మధ్యలో దివాలా తీశాయి, మరుసటి ఏడాది లండన్ ఐరిష్ వంతు వచ్చింది. ఆ ఆటగాళ్లు ఒక్కరోజులో నిరుద్యోగులయ్యారు. మిగతా క్లబ్బుల జీతాల పరిమితి అప్పటికే నిండి ఉన్నందున వాళ్లలో చాలామంది ఎంత తక్కువకైనా ఒప్పుకోవలసి వచ్చింది.

ప్రశ్న: గాయాల వల్ల ఎంత వయసు దాకా ఆడగలరు?

జవాబు: ముప్పై దాటాక వింగర్‌ను అందరూ గడియారం పట్టుకుని చూడటం మొదలుపెడతారు. ఫార్వర్డ్‌కు వయసుతో బలం, అనుభవం కలిసివస్తాయి; వింగర్‌కు వయసు మొదట తినేది అతని మూలధనాన్నే. అయినా కొందరు నిలబడతారు. షేన్ విలియమ్స్ 34 ఏళ్ల వయసులో, 2011 డిసెంబరులో కార్డిఫ్‌లో ఆస్ట్రేలియా మీద వేల్స్ తరఫున ఆఖరి మ్యాచ్ ఆడి, ఆట ఆఖరి క్షణంలో ట్రై చేసి వెళ్లిపోయాడు. వేల్స్ ఓడిపోయిందన్న సంగతి ఆ రోజు చాలామంది పట్టించుకోలేదు. హబానా 124 టెస్టుల్లో 67 ట్రైలు చేశాడు, ప్రపంచ కప్‌లలో 15 ట్రైలతో లోమూ సరసన నిలిచాడు. యవ్వనంలో చిరుతతో పందెం వేసి పరుగెత్తిన ఆ మనిషి చివరి రోజుల్లో వేగం మీద కన్నా ఊహ మీద ఎక్కువ ఆధారపడ్డాడు: ఎదుటివాడు పాస్ ఎటు ఇస్తాడో ముందే పసిగట్టి మధ్యలో అందుకోవడం అతనికి మొదటి నుంచీ ఉన్న విద్యే. మోకాలి గాయం తరువాత తిరిగి కోలుకోలేక 2018లో విరమించాడు.

తలకు తగిలే దెబ్బల విషయం వేరు. అనుమానం వస్తే ఆటగాణ్ని బయటికి తీసుకెళ్లి 12 నిమిషాల పరీక్ష చేస్తారు, కన్‌కషన్ (దెబ్బకు మెదడు అదరడం) అని తేలితే తిరిగి రానివ్వరు. వృత్తి ఆటలో 2022 నుంచి అలాంటివారిలో ఎక్కువమంది కనీసం 12 రోజులు మ్యాచ్‌కు దూరంగా ఉండాలి. వింగర్ స్క్రమ్‌లో తల పెట్టడు కాబట్టి అతనికి ముప్పు తక్కువ అనుకోవద్దు; అతన్ని ఢీకొట్టేవాడు, అతను ఢీకొట్టేవాడు ఇద్దరూ పూర్తి వేగంతో వస్తారు, పైగా గాలిలో నుంచి తలకిందులుగా పడే అవకాశం అతనికే ఎక్కువ.

లోమూకు అడ్డు వచ్చింది ఇవేవీ కావు. లోకమంతా అతని పరుగు చూసి నివ్వెరపోయిన కాలంలోనే అతనికి మూత్రపిండాల జబ్బు బయటపడింది. ఆ జబ్బుతోనే 1999 ప్రపంచ కప్‌లో ఎనిమిది ట్రైలు చేశాడు. 2004లో మూత్రపిండ మార్పిడి జరిగింది, 2015 నవంబరులో, 40 ఏళ్లకు, చనిపోయాడు. ఆరోగ్యంగా ఉండి ఉంటే ఏమయ్యేదోనని అందరిలాగే నేనూ అనుకుంటాను.

ప్రశ్న: ఒక్క తప్పు చేస్తే వింగర్ వెనక ఇంకెవరూ ఉండరు కదా. ఆ భారం ఎలా మోస్తారు?

జవాబు: ఈ ఉత్తరం రాసిన పాఠకురాలికి ఆట బాగా తెలుసని అర్థమవుతోంది. ఆస్ట్రేలియా వింగర్ డేవిడ్ కాంపీసీ సంగతి చెబుతాను. 1989 జులైలో సిడ్నీలో బ్రిటన్, ఐర్లండ్ ఆటగాళ్ల ఉమ్మడి జట్టయిన బ్రిటిష్ లయన్స్‌తో మూడో టెస్ట్. సిరీస్ 1-1 మీద ఉంది. బంతిని నేల మీద పడనిచ్చి గోల్ స్తంభాల మధ్యకు తన్నే డ్రాప్ గోల్ ప్రయత్నం లయన్స్‌కు గురి తప్పి బంతి ఆస్ట్రేలియా ట్రైగీత వెనక కాంపీసీ చేతికి వచ్చింది. అక్కడే నేలకు ఆనిస్తే ఆట తిరిగి మొదలవుతుంది, ప్రమాదం లేదు. కానీ అతను పరుగు తీశాడు, దారి మూసుకుపోయేసరికి సొంత గీత మీద నుంచే ఫుల్‌బ్యాక్ గ్రెగ్ మార్టిన్‌కు పాస్ విసిరాడు. అది మార్టిన్‌కు అందలేదు, లయన్స్ వింగర్ ఇవాన్ ఎవన్స్ దాని మీద పడి ట్రై చేశాడు. లయన్స్ 19-18తో మ్యాచ్‌నూ సిరీస్‌నూ గెలిచింది. దేశం మొత్తం అతన్ని దుమ్మెత్తిపోసింది.

అతని జవాబు మాటల్లో కాదు, రెండేళ్ల తరువాత డబ్లిన్‌లో వచ్చింది. 1991 ప్రపంచ కప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద ఒక ట్రై చేశాడు, మరొకదానికి వెనక్కి చూడకుండానే తన భుజం మీదుగా టిమ్ హోరన్‌కు పాస్ అందించాడు. గమనించండి, ఇది కూడా సిడ్నీలో విసిరినలాంటి సాహసపు పాసే. తప్పు చేసిన తరువాత అతను భయపడి ఆట మార్చుకుని ఉంటే ఈ పాస్ పుట్టేది కాదు. ఆస్ట్రేలియా ఆ కప్పు గెలిచింది. కాంపీసీ 101 టెస్టుల్లో 64 ట్రైలతో విరమించాడు.

దీనికి రెండో ముఖం 2023లో కనిపించింది. ప్యారిస్‌లో క్వార్టర్‌ఫైనల్లో ఫ్రాన్స్ ట్రై తరువాత థామస్ రామోస్ కన్వర్షన్ (ట్రై తరువాత రెండు పాయింట్ల కోసం తన్నే కిక్) కొట్టడానికి కదలగానే కోల్బే ట్రైగీత మీద నుంచి బాణంలా దూసుకొచ్చి బంతిని చేతులతో ఆపేశాడు. అలాంటి కిక్‌ను ఆపడం ఎంత అరుదంటే చాలామంది ప్రయత్నమే చేయరు. దక్షిణాఫ్రికా 29-28తో గెలిచింది. ఆ రెండు పాయింట్లు పోకపోవడమే తేడా. అదే కోల్బే రెండు వారాల తరువాత ఫైనల్లో, ఆట ఏడు నిమిషాలు మిగిలి ఉండగా, ఎదుటి పాస్‌ను కావాలని కొట్టి కింద పడేశాడని, పది నిమిషాలు బయట కూర్చోబెట్టే పసుపు కార్డు చూశాడు. పక్కన కుర్చీలో కూర్చుని చొక్కా మొహం మీదికి లాక్కుని మిగతా ఆట చూడలేకపోయాడు. దక్షిణాఫ్రికా 12-11తో గట్టెక్కింది. ఒక్క పాయింటు అటు పోయి ఉంటే క్వార్టర్‌ఫైనల్ పరుగు ఎవరికీ గుర్తుండేది కాదు.

ప్రశ్న: వింగర్లు అమెరికన్ ఫుట్‌బాల్‌కు వెళ్లి రాణించగలరా?

జవాబు: వేల్స్ వింగర్ లూయిస్ రీస్-జామిట్ 2024 జనవరిలో 22 ఏళ్ల వయసులో రగ్బీ వదిలి వెళ్లాడు, అక్కడ అధికారిక సీజన్ మ్యాచ్ ఒక్కటి కూడా ఆడకుండానే 2025లో తిరిగి వచ్చి బ్రిస్టల్ క్లబ్బులో చేరాడు. వేగం ఒకటే అయినా దాన్ని వాడే భాష వేరని నా అభిప్రాయం.

ప్రశ్న: మహిళల రగ్బీలో వింగర్లకు వృత్తి జీవితం ఉందా?

జవాబు: ఉంది, కానీ వయసులో చిన్నది. ఇంగ్లండ్ మహిళా జట్టుకు పూర్తికాలపు కాంట్రాక్టులు 2019లో వచ్చాయి. నెట్‌బాల్ నుంచి రగ్బీకి వచ్చిన న్యూజిలాండ్ వింగర్ పోర్షియా వుడ్‌మన్ 2017 ప్రపంచ కప్‌లో 13 ట్రైలు చేసింది. పురుషుల ప్రపంచ కప్‌లో ఒక్క టోర్నీకి అత్యధికం ఎనిమిది. సెవెన్స్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు కూడా ఆమె ఖాతాలో ఉన్నాయి. ఆమె మీద విడిగా రాయమని ఇద్దరు అడిగారు, తప్పకుండా రాస్తాను.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు, జట్టులో అందరికన్నా వేగంగా పరుగెత్తుతాడు, వింగర్‌గా ఆడుతున్నాడు. అకాడమీ వాళ్లు చూడటానికి వస్తున్నారు. వాళ్లు ఏం చూస్తారు? నేను ఏం చూడాలి?

జవాబు: వేగం వాళ్లు మొదటి పది నిమిషాల్లోనే చూసేస్తారు, దాని గురించి మీరు బెంగపడనక్కరలేదు. ఆ తరువాత వాళ్ల కళ్లు అతని వైపు బంతి లేనప్పుడు అతని మీద ఉంటాయి. ఆట అవతలి అంచున నడుస్తుంటే అతను వెనక్కి తగ్గుతున్నాడా, నిలబడి చూస్తున్నాడా. తన పక్కన ఆడే సెంటర్‌తో మాట్లాడుతున్నాడా, మౌనంగా ఉన్నాడా. తన అంచుకు పాస్ రాకపోతే పని వెతుక్కుంటూ మైదానం మధ్యకు వస్తున్నాడా. ఎత్తు బంతి చేజారిన తరువాత వచ్చే ఎత్తు బంతికి కూడా ఎగురుతున్నాడా అన్నవి వాళ్లు రాసుకుంటారు. చదువు మాన్పించవద్దు, మంచి అకాడమీలు కూడా ఆ మాటే చెబుతాయి, చెప్పకపోతే ఆ అకాడమీని అనుమానించండి.

ఇక మీరు ఎక్కడి నుంచి చూడాలంటే, పక్కగీత దగ్గర నిలబడి కేకలు వేసే తల్లిదండ్రుల గుంపు వదిలి గోల్ స్తంభాల వెనక్కి వెళ్లండి. అక్కడి నుంచి రెండు అంచులూ ఒకేసారి కనిపిస్తాయి. బంతిని పట్టించుకోకుండా ఒక్క పది నిమిషాలు మీ అబ్బాయినే చూడండి. ఎదుటి స్క్రమ్‌హాఫ్ బంతి మీదికి వంగిన ప్రతిసారీ అతను ఎటు అడుగు వేస్తున్నాడో లెక్కపెట్టండి.